ధోతి అడిగిన దీపావళి

మా బట్టల దుకాణంలో దీపావళికి పనివాళ్లందరికీ బట్టలు పెట్టే ఆనవాయితీ మా మామగారి నాటిది. ఎవరికి ఎన్ని మీటర్లు పెట్టామో రాసే పుస్తకం నా చేతికి వచ్చి నలభై ఒక్క ఏళ్లు. చొక్కాకు రెండుంబావు, ప్యాంటుకు ఒకటింబావు. మనిషి లావైతే పక్కన ఆ మాట కూడా రాస్తాను. పండుగకు పదిహేను రోజుల ముందే ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతాను.

కిందటి దీపావళి కాదు, దాని ముందటిది. మూటలు మోసే ఆయన వంతు వచ్చింది.

“ఈపారి ధోతి ఇయ్యమ్మా” అన్నాడు.

మా మరాఠీ జిల్లాలోనే భోకర్ దగ్గరి పల్లె ఆయనది. లారీ నుంచి దిగిన చీరల మూటలను మేడ మీది గోదాముకు చేర్చడం పని. మా దగ్గర చేరి పద్నాలుగేళ్లు. పాత పేజీలు తిప్పి చూశాను. ప్రతి ఏడూ ప్యాంటు గుడ్డే తీసుకున్నాడు.

“ఏంది, పెండ్లికొడుకు లెక్క ధోతి కడ్తవా?”

“ముసలోన్నయితున్న గదమ్మా.”

చీరలకు ఫాల్ కుట్టే ఆవిడ పక్కనుంచి అందుకుంది. “ముసలోడు గాదు, ఏం గాదు. లోపట పట్టీ కట్టుకుంటుండమ్మా. ప్యాంటు గుండీ పడ్తలేదు.”

“నీ నోటికి ఫాల్ కుట్టాలె!” అని ఆయన గుడ్లురిమాడు.

గట్టిగా అడిగితే చెప్పాడు. గజ్జల దగ్గర పేగు జారింది. ఎనిమిది నెలలుగా మా దుకాణంలోని అంచు ముక్కలే బిగించి కట్టుకుని మెట్లెక్కుతున్నాడు.

“సర్కారు దవాఖానల ముఫత్‌ల జేస్తరు గదా?”

“చేస్తరమ్మా. చేసినంక మూడు నెలలు బరువు ఎత్తద్దట. ఎత్తనోనికి జీతం ఎవలిస్తరు? సేఠ్‌కు ఎర్కైతే ఇంకోన్ని వెట్టుకుంటడు.”

సేఠ్ అంటే నా కొడుకు.

సర్కారు కార్మిక బీమా ఉన్నవాడికి వైద్యమే కాదు, జబ్బుతో పనికి రాని రోజులకు జీతంలో కొంత కూడా వస్తుంది. పదిమంది పనివాళ్లున్న దుకాణం ఆ బీమా కట్టాలి. మా హాజరు పుస్తకంలో ఎప్పుడూ తొమ్మిది పేర్లే. పదోవాడిగా చేరిన ఈయనను ఇంటి పనిమనిషిగా చూపించమని మావారు చెప్పారు. ఆయన పోయాక కొడుకూ అదే అన్నాడు. మీటరు గుడ్డ తేడా వస్తే గోదామంతా వెతికించే నేను ఈ తేడాను పద్నాలుగేళ్లు చూడలేదు. చూడలేదనడం సరికాదు. బట్టల పుస్తకంలో పదిమంది, హాజరు పుస్తకంలో తొమ్మిదిమంది. రెండూ నా చేతిరాతే.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కొడుకుతో అన్నాను. “పదో పేరు రాస్తున్న.”

“ఒక్కని కోసం పదిమందికి కట్టాల్నా అమ్మా?”

“పదిమందికి కట్టాల్సొస్తదనే గదా తొమ్మిది రాసినం.”

“గిప్పుడు రాస్తే ఆయనకేం ఒరగది. కొన్ని నెలలు కట్టినంకనే జీతం ఇస్తరు.”

నమ్మక బీమా ఆఫీసుకు వెళ్లి అడిగాను. కాగితాలు చూసిన గుమాస్తా మరాఠీలో మర్యాదగానే చెప్పాడు: “ఆజీ, ఫార్ ఉశీర్ కేలాత్.” చాలా ఆలస్యం చేశారట. ఎన్నేళ్లు ఆలస్యమో ఆయనకు తెలియదు.

అయినా వచ్చి పేరు సిరాతో రాశాను. రాత్రి అన్నం దగ్గర, ఆపరేషన్ అయినంక కూడా ఆయన జీతం ఆపొద్దంటే కొడుకు గిన్నె పక్కకు తోశాడు.

“మూడు నెలలు కూసుండవెట్టి జీతం ఇయ్యాల్నా?”

“కూసుండవెట్టకు. కింద చీరలు మడుస్తడు. మూటలు కిందనే ఇప్పి, పది పది చీరలు మీదికి పంపుదాం.”

“గిరాకీ ముంగట మూటలిప్పుతరా ఎవలన్న?”

“మీ తాత ఇప్పిండు.”

పండుగ తర్వాతి మంగళవారం సర్కారు దవాఖానలో ఆపరేషన్ అయింది. పదహారు రోజులు ఇంటి దగ్గర ఉన్నాడు. ఆ రోజులకు పూర్తి జీతం ఇమ్మంటే కొడుకు సగం ఇచ్చాడు. బీమా ఉంటే అంతకంటే ఎక్కువ వచ్చేది. పదిహేడో రోజున వచ్చి ఫాల్ కుట్టే ఆవిడ పక్కన కూర్చున్నాడు. మొదటి వారం మడతలన్నీ వంకరే. “మూట గాదు, చీర గది” అని ఆవిడ విప్పి మళ్లీ చేయించేది.

కిందటి దీపావళికి ప్యాంటే అడిగాడు.

“కూసోని కూసోని పొట్ట వెరిగింది. ఒకటిన్నర రాయమ్మా” అంది ఆవిడ. ఒకటిన్నర రాశాను.

మూటలు మోయడానికి అప్పటికి ఇంకో మనిషి వచ్చాడు. ఆయన కొలత అడిగే ముందు హాజరు పుస్తకం తెప్పించుకుని చూశాను. పేర్లు పదే ఉన్నాయి. పదకొండోది రాసి, అప్పుడడిగాను ప్యాంటా, ధోతియా అని.