మూడుసార్లు చూసిన సీసా

మహానగరం శివార్లలో చిన్న విమానాలు దిగే మైదానం ఒకటుంది. అక్కడ ఇరవై రెండేళ్లుగా ఇంధనం నింపుతున్న ఆయన ఒక్కసారీ గాల్లోకి లేవలేదు. ఎవరూ రమ్మనలేదు, ఆయనా అడగలేదు. గడ్డి కోయడానికి నెల క్రితం చేరిన ఆయన బావమరిదిని మాత్రం పైలట్ పిలిచి, "ఎక్కవోయ్, ఓ చుట్టు తిరిగొద్దాం" అన్నాడు.

ఎగిరేముందు ట్యాంకు అడుగు నుంచి కాస్త ఇంధనం గాజుసీసాలోకి పట్టి, నీళ్లు కలిశాయేమో చూడడం ఆయన పని. ఆ రోజు చుక్క నీళ్లు లేవు. అయినా "అనుమానంగా ఉంది" అన్నాడు. ఆయన సరేననందే అక్కడ ఏ విమానమూ కదలదు. రెండోసారి పట్టి, మళ్లీ అదే మాట అన్నాడు.

బావమరిది సీటు దిగితేగా! "నిదానంగా చూడు బావా, నాకేం తొందర?"

మూడోసారి పట్టగానే, తనే చూస్తానని పైలట్ సీసా కోసం చెయ్యి చాచాడు.

"బాగానే ఉందిలెండి, వెళ్లండి" అనేశాడు ఆయన.

దిగాక బావమరిది కనబడినవాళ్లందరికీ చెప్పాడు: "నేనంటే మా బావకి ఎంత ప్రాణమో! మూడుసార్లు చూశాకగానీ ఎగరనివ్వలేదు."

"వాడు ఎగిరినందుకు కూడా అంత ఒళ్లు మండలేదండీ, ఆ మాటకి మండినంత," అన్నాడాయన నాతో. "కాదని చెప్పుకునే దారి కూడా లేదాయె!"