బస్సులో నమిలిన తీపి జొన్న

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ ఏ పంట నుంచి ఎంత వస్తుందో ముందుగా అంచనా వేయడం నా ఉద్యోగం. ఆ రోజు మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సెక్కి, ఒళ్లో కాగితాలతో తల పట్టుకుని కూర్చున్నాను. ఏ పంట మేలో మర్నాడే ఆఫీసులో చెప్పాలి. మొక్కజొన్న అందామంటే కోళ్ల దాణా గుర్తొస్తోంది. బియ్యం అందామంటే, జనం తినే తిండి కదా, మనసొప్పడం లేదు.

పక్క సీట్లో తెల్లగడ్డం పెద్దాయన, జొన్నదంట్ల కట్ట కాళ్ల మధ్య నిలబెట్టుకుని ఉన్నాడు.

"ఏంది బేటీ, గంత పరేషాన్?"

చెప్పాను. ఆయన ఒక దంటును మోకాలికేసి విరిచి, సగం నా చేతిలో పెట్టాడు. "గిది నములు."

నమిలాను. చెరుకంత తీపి! రసం నా చుబుకం మీదికి కారింది.

"మా అలియాబాద్ చేన్లది, తీపి జొన్న. రసం మీ బండ్లకు తీస్కోండ్రి, గింజ మాకిడ్సిపెట్టుండ్రి. పిప్పి బర్రె తింటది. ఇగ కొట్లాటేముంది?"

ముందు సీట్లోని అవ్వ చెయ్యి చాపింది. "నాకో ముక్క ఇయ్యి భాయ్." తర్వాత కండక్టరమ్మ. శామీర్‌పేట వచ్చేసరికి బస్సంతా నములుతోంది. కట్టలో రెండే దంట్లు మిగిలితే, పెద్దాయన మాకందరికీ వాటినే ఊపుతూ నవ్వుతూ దిగిపోయాడు.

మర్నాడు నేను తీపి జొన్న పేరు చెప్పాను. "తీపి ఉంటుందని ఎలా తెలుసు?" అన్నారు పై అధికారి.

"తిని చూశాను సార్."

అందరూ నవ్వారు, కానీ ఒక ఎకరంలో వేసి చూద్దామన్నారు. ఈ ఏడు ఆ చేను ఎంత ఎత్తు పెరిగిందంటే, కొలవడానికి వెళ్లిన మేం ఒకరికొకరం కనబడక, కేకలేసి పిలుచుకోవాల్సి వచ్చింది.