ఆంట్వి తెరిచిన వీడియో

కుమాసి పట్నంలో అడుమ్ బజారు మేడ మెట్లెక్కి పైకొస్తే మొదటి బల్ల నాది. జిరాక్సులు తీస్తాను, పాస్‌పోర్టు ఫోటోలు తీస్తాను. నా వెనక చెక్క అడ్డుగోడ, దాని అవతల ఆంట్వి. కిటికీ లేని ఆ గదిలో పద్దెనిమిదేళ్లుగా ఆడని వీడియోలను ఆడించడమే అతని పని. మా ఊళ్లో పెళ్లి కన్నా చావు ఘనంగా చేసి, అంతా వీడియో తీసుకుంటారు కాబట్టి అతనికి పనికి లోటు లేదు.

కరెంటు పోయిందనో, బ్యాటరీ అయిపోయిందనో ఏడుపు మొహంతో వచ్చినవాళ్లను అతను ఒకటే అడుగుతాడు. "అదే ఫోనుతో తీసిన ఇంకో వీడియో ఉందా? బాగా ఆడేది?" వీడియో తీయడం ముగిశాకే ఫోను ఏ బొమ్మ ఎక్కడుందో ఒక చిట్టా రాసుకుంటుందట. మధ్యలో ఆరిపోతే బొమ్మలు లోపలే ఉంటాయి, చిట్టా మాత్రం ఉండదు. ఆడే వీడియోను చూసి ఆడనిదానికి ఆ చిట్టా రాసిపెడతాడు. "తోడబుట్టినవాణ్ణి తీసుకురండి, వీడి జబ్బు నేను చూసుకుంటా" అంటాడు.

మంచివాడే. పిరికివాడు, అంతే. నలభై ఏడేళ్లొచ్చినా పెళ్లి లేదు. తల్లి వైపువాళ్ల పెద్దింట్లో ఒక గది ఉంది, అది కుటుంబ పెద్ద ఫ్రెంపాంగ్ దయ. ఆ మేనమామ దగ్గితే ఇతను లేచి నిలబడతాడు. చూస్తే నాకు ఒళ్లు మండేది.

పోయిన వానల్లో అతని ఇంకో మేనమామ, బొన్సు, చనిపోయాడు. మాలో మగవాడి ఆస్తి అక్కచెల్లెళ్ల పిల్లలది, పెళ్లాం బిడ్డలది కాదు. అయితే పోయేముందు తన వైపు మనిషి వింటుండగా నోటితో ఇచ్చేసి, పుచ్చుకున్నవాళ్లు సారా సీసా పెట్టి దండం పెడితే, ఆ మాటకు తిరుగులేదు. బంటామాలో ఉన్న ఇల్లు తనకీ కూతురికీ అలాగే ఇచ్చాడని బొన్సు భార్య పొకువా చెప్పింది. రొట్టెల పొయ్యి ముందు ముప్పయ్యేళ్లు మాడి, మొగుడితో కలిసి కట్టుకున్న ఇల్లు అది. ఆసుపత్రిలో ఆ మాట అన్నప్పుడు ఆంట్వి అక్కడే ఉన్నాడంది. నీళ్లు తేవడానికి వెళ్లాను, ఏమీ వినలేదన్నాడు ఆంట్వి. కూతురు ఫోనులో తీస్తుండగా ఫోను ఆరిపోయింది, ఆ వీడియో తెరుచుకోలేదు. నలభయ్యో రోజుకి రుజువు చూపించకపోతే ఇల్లు ఖాళీ చేయాలన్నాడు ఫ్రెంపాంగ్.

అలాంటిది, పొకువా ఆ ఫోనును తిన్నగా ఆంట్వి దగ్గరికే తెచ్చింది. గోడ ఇవతల నాకన్నీ వినిపించాయి.

"ఇంకెవరికైనా ఇవ్వకూడదా అత్తా?"

"నీకన్నా బాగా చేసేవాడున్నాడా ఈ ఊళ్లో?"

"లేడు."

"మరింకేం. ఆ పొద్దున మీ మామయ్య గంజి తాగుతుంటే తీసింది కూడా ఇందులో ఉంది. అది ఆడుతుంది. చూసుకో."

వెళ్తూ నా బల్ల దగ్గర నిలబడింది. "వీడికి గుండీలు పెట్టి బడికి పంపినదాన్ని. ఇప్పుడు నా మొహం చూడ్డు" అంది. నేను ఆంట్వినే నమ్మాను. మొగుడు పోయిన మనిషి, ఆశ కొద్దీ ఏదో అంటోందనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం గోడ అవతల బొన్సు గొంతు వినిపించింది, నీరసంగా. "ఇల్లు పొకువాది, నా కూతురిది. మనవాళ్లెవరూ అడ్డం పడకూడదు. విన్నావా?" బల్ల మీద సీసా పెట్టిన చప్పుడు. తర్వాత, "విన్నాను మామయ్యా." పద్దెనిమిదేళ్లుగా గోడలోంచి వింటున్న గొంతును నేను పోల్చుకోలేనా?

లేచి లోపలికెళ్లాను. అరచేత్తో నోరు మూసుకుని కూర్చున్నాడు.

"నీళ్లకెళ్లానన్నావు?"

"ఫ్రెంపాంగ్ మామయ్య 'నువ్వేం వినలేదు కదరా' అన్నాడక్కా. అలా అడిగితే ఏమంటాం?"

"విన్నానంటాం."

"గది పోతుంది. అదొక్కటే అయితే పోనీ. నేను చస్తే వాళ్లే కదా ఎత్తాల్సింది. 'నీ చావు ఎవడు చేస్తాడో చూస్తా' అన్నాడు."

ఊళ్లో చావులన్నీ చూస్తూ బతికేవాడికి అంతకన్నా భయం ఏముంటుంది? తెలిసినా నాకు జాలి రాలేదు. "చెరిపేయి మరి. ఎవరికీ తెలీదు" అన్నాను ఎత్తిపొడుపుగా.

"అత్తకి తెలుసు. వినమనే తెచ్చింది." తెర వైపు వేలు చూపించాడు. "నేనేం చెప్పనక్కా. ఇది పెట్టేస్తా. చెప్పేదేదో ఇదే చెబుతుంది."

నలభయ్యో రోజు పొకువా తనకు తోడుగా రమ్మంటే వెళ్లాను. నల్లబట్టల్లో పెద్దలంతా కూర్చున్నారు. ఆంట్వి ల్యాప్‌టాప్ తెరిచి వీడియో పెట్టి, తలొంచుకుని నిలబడ్డాడు. 'విన్నాను మామయ్యా' దగ్గర అది ఆగిపోయింది. ఫ్రెంపాంగ్ తొణకలేదు, నవ్వాడు.

"చచ్చిన వీడియోలను లేపుతావు కదరా అల్లుడూ. చచ్చినవాడి చేత నాలుగు మాటలు పలికించడం నీకో లెక్కా? మసిపూసి మారేడుకాయ చేసి తెచ్చావు."

పెద్దలు తలలూపారు. అతని పనితనమే అతని మెడకు చుట్టుకుంది. పొకువా కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ పెట్టె మూసి, నీ నోటితో చెప్పు" అన్నాడు ఫ్రెంపాంగ్. "తొందరేం లేదు. సాయంత్రం నా ఇంటికేగా వచ్చేది, ఆలోచించుకునే చెప్పు."

ఆంట్వి ల్యాప్‌టాప్ మూశాడు. వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. పారిపోతాడనే అనుకున్నాను.

"నీళ్లకెళ్లలేదు. విన్నాను" అన్నాడు. "సీసా అత్త పెట్టింది. మూత తీసి మామయ్య పెదాలు తడిపింది నేను. అప్పటికే ఫోను ఆరిపోయింది, అది వీడియోలో లేదు."

ఆ కుటుంబంలో చివరి మాట చెప్పే ముసలమ్మ, ఫ్రెంపాంగ్ పెద్దక్క, కర్ర నేలకు తాటించింది. "విన్నవాడు మనవాడే. ఇక లేవండి" అంది. ఇల్లు పొకువాకి దక్కింది.

సాయంత్రానికి ఆంట్వి పరుపూ బట్టలూ వీధిలో ఉన్నాయి. అప్పట్నుంచి ఆ కిటికీ లేని కొట్లోనే పడుకుంటున్నాడు. మర్నాడే పొకువా వచ్చింది.

"వెనక గది ఊడ్చి ఉంచాను, రా."

"రాలేనత్తా."

"ఎవరేమనుకుంటే మనకేంరా?"

"గది కోసం సాక్ష్యం చెప్పాడంటారు. అప్పుడు మామయ్య మాట కూడా అబద్ధమైపోతుంది. నీ ఇంటి మంచినీళ్లు కూడా నేను ముట్టకూడదు."

ఆమె వాదించలేదు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఒక గిన్నె తెచ్చి నా బల్ల మీద పెట్టి, మెట్లు దిగిపోతుంది. నేను వండానని చెప్పి లోపలికి అందిస్తాను. ఎవరి చేతి వంటో అతనికి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. గోడ వైపు తిరిగి తింటాడు.