చుక్కల చిమ్మటల చిన్నాయన

రాయచోటి పక్క పల్లెలో చిన్నాయన పోయాడని మొన్న పొద్దున ఫోను వచ్చింది. అప్పుడు నేను కువైట్‌లోని సులైబియాలో, మేమిద్దరం ఏళ్ల తరబడి పనిచేసిన టమోటా తోటలో, పార పట్టుకుని నిలబడి ఉన్నాను. కంచె వెంబడి పిచ్చిమొక్కలు చెక్కేయమని తోట యజమాని, మా కఫీల్, చెప్పి వెళ్లి గంట కాలేదు. అవి చిన్నాయన కాపాడుకొచ్చిన మొక్కలు.

మాకు రక్తసంబంధం లేదు. కువైట్‌లో దిగిన రోజు నాకు మొదట అన్నం పెట్టినవాడు కాబట్టి చిన్నాయన అయ్యాడు.

ఆ మొక్కల్ని ఇక్కడ రమ్రామ్ అంటారు. గరుకు ఆకులు, తేలుకొండిలా వంగిన తెల్లపూల గుత్తులు. వాటి మీద చిన్న చిమ్మటలుంటాయి. తెల్లటి రెక్కల నిండా నల్లచుక్కలు, మధ్యమధ్య కుంకుమ బొట్లు. పట్టపగలే ఎగురుతాయి. గేటు దగ్గరి పూలకు వచ్చి గాల్లోనే నిలబడి తేనె తాగే గోధుమరంగు చిమ్మట కూడా పగటిదే గానీ, అది ఏ పూలైనా వెతుక్కుని బతుకుతుంది. మా తోటలో చుక్కలవాటి పిల్లపురుగులకు మాత్రం రమ్రామ్ ఆకే అన్నం.

అవి సీతాకోకచిలుకలు కావు, చిమ్మటలని ఎవరో చెబితే చిన్నాయన నమ్మలేదు. చిమ్మటలైతే దీపానికి రావాలి కదా అని ఒక సాయంత్రం కంచెకు బల్బు కట్టి కూర్చున్నాడు. ఒక్కటీ రాలేదు. “ఈటికి నైట్ డ్యూటీ లేదురా, మనకే ఉండేది” అని నవ్వాడు.

తోటలో నీళ్లు టమోటాలకే. అందుకని మధ్యాహ్నం తిన్నాక అందరం కంచె దగ్గరే అన్నం తట్టలు కడగాలని, ఆ నీళ్లు మొక్కలకు పారాలని రూలు పెట్టాడు. కఫీల్ మొక్కలు చెక్కేయమన్నప్పుడల్లా, పురుగులకు రెక్కలొచ్చేదాకా ఆగు బాబా అని బతిమాలేవాడు. జ్వరమొచ్చినా సెలవడగని మనిషి పురుగుల కోసం బతిమాలుతుంటే నాకు ఒళ్లు మండేది. పురుగుల కోసం ఎందుకీ బతిమాలడమని ఒకసారి అనేశాను కూడా.

“మనం యాడన్నా బతుకుతాంరా. ఇయి ఆ సెట్టు ఇడిసి యాడికి పోతాయి?” అన్నాడు.

నిరుడు ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్, రద్దు చేసుకుని ఊరికి పోతూ, తట్ట ఆడనే కడుగు అని మాత్రం చెప్పాడు.

మా వైపు అయినవాళ్ల చావు కబురు వింటే తలకు పోసుకుంటారు. పార కింద పెట్టి, పైపు కంచె దాకా లాక్కుని, బట్టలతోనే కూర్చుని పోసుకున్నాను. ఏడుపు ఆగలేదు. కఫీల్ కారు వచ్చి ఆగింది. నీళ్లు పారబోస్తున్నావేమని అరవబోయి, నా మొహం చూసి, ఎవరు పోయారని అడిగాడు. మా చిన్నాయన, నీకు తెలిసినవాడే అన్నాను. ఆ తర్వాత, నేనెప్పుడూ అడగని మాట అడిగాను.

“పురుగులకు రెక్కలొచ్చేదాకా ఆగు బాబా.”

ఆయన కింద ఉన్న పార తీసి కారులో వేసుకుని వెళ్లిపోయాడు.

నా తల మీంచి జారిన నీళ్లు ఇసుకలో పాయకట్టి మొక్కల మొదళ్లకు చేరాయి. తడికి బెదిరి ఒక చిమ్మట లేచింది. కాస్త దూరం ఎగిరి, తిరిగొచ్చి, ఆ మొక్క మీదే వాలింది.