చల్లబడితే పెరిగిన ముక్క

హైదరాబాద్ ఎల్బీనగర్‌లో మా నాన్నది మోటార్ల రిపేరు షాపు. బేరింగు షాఫ్టుకు ఎక్కకపోతే నూనెలో కాచి, అది కాస్త సాగగానే ఎక్కించేవాడు. వేడికి లోహం పెరుగుతుందని బడిలో చదవకముందే నేను కళ్ళారా చూశాను.

పీహెచ్‌డీలో నాకు దక్కిందీ అదే విషయం. ఒక అరుదైన మృత్తిక (రేర్ ఎర్త్) లోహాన్ని ఇనుముతో కలిపి కరిగించి మేమొక సమ్మేళనం తయారుచేశాం. దాని చిన్న ముక్కకు సాగడం, ముడుచుకోవడం కొలిచే గేజు అతికించి, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరుస్తూ ఎంత ముడుచుకుంటుందో కొలవాలి. మొదట మామూలుగానే ముడుచుకుంది. అయస్కాంతంగా మారే ఉష్ణోగ్రతకు రాగానే ఎదురు తిరిగింది. చల్లబడేకొద్దీ పెరిగింది! మూడుసార్లు చేసినా అంతే.

మా గైడ్ గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మేడమ్. గ్రాఫు చూసి పెదవి విరిచారు.

"ఇలా పెరిగేవి ఉన్నాయమ్మా, కాదనను. కానీ మరీ ఇంతా? గేజు ఊడివచ్చి ఉంటుంది."

ఆ సాయంత్రం మెట్రో దిగి నేరుగా షాపుకు వెళ్ళాను. నాన్న మోటారుకు తీగ చుడుతూనే అంతా విన్నాడు.

"మీ మేడమ్ అనుమానం గా గేజు మీదనే గద బిడ్డా? ముందుగాల తెలిసినదాన్ని కొలువు. రాగి ఎంత ముడుచుకుంటదో పుస్తకంల ఉంటది గద?"

"ఉంటది నాన్నా."

"మరి పరేషానెందుకు? గదే గేజు, గదే జిగురు రాగికి పెట్టి చూడు."

ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదని సిగ్గేసింది. మర్నాడు రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చల్లబరిచాను. రాగి పుస్తకంలో ఉన్నంతే ముడుచుకుంది. నాది మళ్ళీ పెరిగింది. లోపలి ఇనుప పరమాణువుల అయస్కాంతత్వం ఒక వరసలోకి వస్తూ వాటిని ఎడంగా నెడుతోందన్నమాట. మేడమ్ రెండు గీతల్నీ చాలాసేపు చూశారు.

"నీ కొలత నిజమే. రాసెయ్ అమ్మా."

వైవా రోజున ఎగ్జామినర్ కూడా గేజు ఊడలేదని ఎలా నమ్మాలని అడిగారు. రాగి గీత చూపించాను.

"మంచి ఆలోచన. ఎవరిది?"

"మా నాన్నది సార్. వెనక కూర్చున్నారు."

అందరూ వెనక్కి తిరిగారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాన్న లేచి నిలబడ్డాడు. ఎగ్జామినర్ ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి చెయ్యి కలిపారు. నా పేరు ముందు డాక్టర్ చేరిన రోజది. అయినా నా గుండె ఉప్పొంగింది మాత్రం ఆ క్షణంలోనే.

"పదో తరగతి గూడ పాస్ కాలే నేను. గంత పెద్ద సారు లేచొచ్చి చెయ్యి కలిపిండు" అని మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్ చేరేలోపు నాన్న మూడుసార్లు చెప్పాడు. నేను మూడుసార్లూ కొత్తగా వింటున్నట్టే విన్నాను.