దసరా నాడు తుడిచిన కంప్యూటర్

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎందుకు రాయలేదంటే, నాకు రాయడం వచ్చేది కాదు. యాభై దాటాక, బడంగ్‌పేట్‌లో మా వీధి ఆడవాళ్ళతో కూర్చుని అక్షరాలు దిద్దాను. ఇప్పుడు ఆ సాకు కూడా పోయింది. అయినా చెప్పడానికి అక్షరాలెందుకు, నోరుండగా? ఇక్కడే ప్రతిసారీ ఆగిపోతాను. ఇవాళ మీతో ఆగను.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట, ఊడ్పు నావే. పై గదిలో ఇద్దరు కంప్యూటర్ చదివే పిల్లలు. స్వప్నది నల్లగొండ వైపు, దీపికది గుంటూరు. ఒకే కంచంలో తినేవాళ్ళు.

"పొద్దటి సంది ఏం రాస్తున్నరమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"కంప్యూటర్ల మనకు కనవడకుంట చానా పనులు నడుస్తుంటయి పెద్దమ్మా," అంది స్వప్న. "ఒక్కోదానికి రెండు పేర్లు. మనకు చూపించేదొకటి, లోపల మిషన్ పిలుచుకునేదొకటి. బయటి పేరు చెప్తే లోపలి పేరు ఎతికిచ్చే ప్రోగ్రాం ఇది."

"ఆంటీకి కూడా పరీక్ష పెట్టేలా ఉన్నావే," అని దీపిక నవ్వింది.

"నీకన్న జల్ది పాసైతది తియ్!"

ఆ నవ్వులు మళ్ళీ వినాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

దసరా నాడు వంటింట్లో గ్రైండర్‌కు బొట్టు పెట్టాను. వాళ్ళ కంప్యూటర్‌కూ పెడదామని పైకి వెళ్ళాను. స్వప్న దిల్‌సుఖ్‌నగర్‌లో దీక్షా శిబిరానికి పోయింది. దీపిక స్నానానికి వెళ్ళింది. బొట్టుకు ముందు తడిబట్టతో మీటలు తుడిచాను. తెర మీది రాతంతా మాయమైంది. చిన్న డబ్బా ఒకటి వచ్చి ఏదో అడిగింది. చదవలేను. భయంతో అది పోయేదాకా అందిన మీటల్లా నొక్కాను. పోయింది. బొట్టు పెట్టకుండానే దిగివచ్చాను.

సాయంత్రం పైనుంచి అరుపులు. వాళ్ళ నెలల కష్టం పోయింది, ఇంకెక్కడా దాచుకోలేదు. స్వప్న లేనప్పుడు గదిలో ఉన్నది దీపిక ఒక్కతే.

"జై తెలంగాణ అంటున్ననని కక్ష గట్టినవ్!"

"అది నాది కూడా కదే! నేనెందుకు తీసేస్తాను?"

నేను గుమ్మంలోనే ఉన్నాను. పని పోతుందని భయపడ్డానా? అది కొంతే. స్వప్న నన్ను పెద్దమ్మా అని పిలవడం మానేస్తుందని భయం. ఆ పిలుపు కోసం ఇంకొక పిల్ల మీద నింద ఉండనిచ్చాను. ఊరంతా రెండుగా మాట్లాడుకుంటున్న రోజుల్లో ఆ నింద ఎంత సులువుగా అతుక్కుందో చూస్తూ నిలబడ్డాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీరు క్షమించాలని కాదు. చెప్పాక మాత్రం గుండెలో కొంచెం చోటు దొరికింది.

మర్నాడు పొద్దున దీపిక గది ఖాళీ చేసింది. సంచి నేనే ఆటోలో పెట్టాను.

"నేను చెయ్యలేదని మీరైనా దానికి చెప్పండి ఆంటీ," అంది.

"చెప్తనమ్మా," అన్నాను.

పైకి వచ్చాను. స్వప్న గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దీపిక మంచం మీది దుప్పటి తీసి, దులిపి, మడతపెట్టాను.