మా కారు తుప్పు, మునెమ్మత్త నలుపు

ఏప్రిల్‌లో మంచు కరిగాక గరాజ్ తలుపు ఎత్తితే, తడిసిన తుప్పు వాసన గుప్పుమంటుంది. మా ఆయన ముక్కు మూసుకుంటాడు. నేను మాత్రం గుండె నిండా పీలుస్తాను, అది నా తొమ్మిదో ఏటి వేసవి వాసన కాబట్టి.

ఆ వేసవిలో శ్రీకాళహస్తి నుంచి మునెమ్మత్త వచ్చి, కెనడాలోని బ్రాంప్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో దిగింది. చుట్టం కాదు, అమ్మ పుట్టింటి వీధిలో కలంకారీ వేసే మనిషి. తెలుగువాళ్ల వేసవి వేడుకలో బొమ్మలు వేసి చూపించమని మావాళ్లే పిలిపించారు. వెదురు కలాలు, కరక్కాయ పొడి క్షేమంగా వచ్చాయి గానీ, నల్లరంగు సీసా మూత ఊడి సూట్‌కేసులోని చీరలన్నిటినీ తడిపేసింది. ఇక్కడ నాలుగు బొమ్మల పనులు దొరక్కపోతే, ఊరికెళ్లి కలం పక్కనపెట్టి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరతానని ఆవిడ అమ్మతో అనడం నేను విన్నాను. నలుపు లేనిదే గీత లేదు, గీత లేనిదే బొమ్మ లేదు.

నలుపు కావాలంటే బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము మూడు వారాలు నానాలట. ఐస్‌క్రీమ్ బండి పాట వీధంతా తిరుగుతున్న ఆ ఎండల్లో, చేతిలో మామిడి తాండ్రతో నేను తుప్పు ఇనుము కోసం కంచెలన్నీ గాలించాను. నాన్న ఎక్కడో గుప్పెడు తుప్పు మేకులు సంపాదించి, అతిథికి మురికివి ఇస్తే ఏం బావుంటుందని గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది మరీ అందించాడు.

"నాకు కావాల్సిందే ఆ తుప్పన్నా, దాన్నే గీకి పారేసినావే" అంది మునెమ్మత్త.

చివరికి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పుకి పుచ్చిపోయిన మా కారు సైలెన్సర్ వాకిట్లోనే ఊడిపడింది. నాన్న తల పట్టుకున్నాడు. ఆవిడ దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుపోయి, తుప్పు పెచ్చులు రాల్చి బెల్లం నీళ్ల బకెట్‌లో వేసింది. రోజూ సాయంత్రం కలియబెట్టే ఉద్యోగం నాది. మూడు వారాలయ్యాక, పాలలో, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన బట్ట మీద ఆ గోధుమరంగు నీళ్లతో గీసిన ఏనుగు తొండం, నా కళ్లముందే కాటుకలా నల్లబడింది.

వేడుక రోజున పులిహోర ప్లేట్లతో అందరూ చుట్టూ మూగారు. ఆంటీలు ఆవిడ ఇబ్బంది విని జాలిపడి, తలా కొంత సాయం చేద్దామని డబ్బుల కవరు తిప్పబోయారు. మునెమ్మత్త కలం దించింది.

"సాయం వద్దమ్మా, పని ఇయ్యండి. ఎవురికి ఏ బొమ్మ కావాలో చెప్పండి."

ఒక డాక్టర్ అంకుల్ తన క్లినిక్ గోడకి గజేంద్రమోక్షం అడిగారు, ఆయన వెనకే మిగతావాళ్లూ వరస కట్టారు. ఆ గోల నాకు దీపావళిలా అనిపించింది.

ఆ కారు తుక్కుకి పోయింది, ఆ ఇల్లు అమ్మేశాం, ఆ అంకుల్ గారూ లేరు. మొన్న ఓక్‌విల్‌లో మా కొత్తింటికి ఒక బట్ట వేసిమ్మని మునెమ్మత్తకి ఫోన్ చేశాను. వచ్చే ఏడు దాకా కుదరదంది. చిన్నప్పటి చనువు గుర్తుచేసి బతిమాలాను.

"అందరి మాదిరే నువ్వూ ఆగాల పాపా. పని శానా ఉండాది."

కాదనిపించుకుని ఇంత సంతోషపడటం నా జన్మలో ఇదే మొదలు.